ఇత్తడి అచ్చులు, సరేసు రెండూ వేడెక్కే చిన్న ఓవెన్: డిజైన్ సలహా కావాలి

అట్టపని (రాజమండ్రి) | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాది బైండింగు షాపు. థీసిస్‌లు, ఆఫీసు రిజిస్టర్లు రోజువారీ పని. పాత పుస్తకాలకు తోలు వెన్ను వేసి మళ్లీ కట్టే పని కూడా ఈమధ్య బాగా వస్తోంది. వెన్ను మీద బంగారు ఫాయిల్‌తో పేరు, గీతలు, పువ్వులు వేయాలి. దానికి చెక్క పిడి ఉన్న ఇత్తడి అచ్చులు పాతిక దాకా ఉన్నాయి. అక్షరాలు పేర్చే హోల్డరు ఒకటి ఉంది.

ప్రస్తుతం కాయిల్ స్టవ్ మీద పెనం పెట్టి, దాని మీద అచ్చులు వేడి చేస్తున్నాను. పెనం మధ్యలో ఉన్న అచ్చు తోలును మాడుస్తుంది, అంచున ఉన్నదాంతో ఫాయిల్ అంటుకోదు. సరేసు (తోలు, ఎముకల నుంచి తీసే జిగురు) సంగతి వేరే. నీళ్ల గిన్నెలో డబ్బా పెట్టి గ్యాసు మీద కరిగిస్తాను. కాస్త అటు తిరిగితే నీళ్లు మరిగిపోతాయి.

నా ఆలోచన ఏమిటంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు రేకు పెట్టె. కింద హీటరు, మధ్యలో జాలీ. జాలీ మీద అచ్చులు, పక్కన సరేసు డబ్బా. తలుపు వేసి ఒకే థర్మోస్టాట్‌తో నడపాలి. నాలుగు వేల లోపు అయితే బాగుంటుంది. డిజైన్ ఎలా ఉంటే మంచిది?

తెనాలి ఫిట్టర్ | ఆదివారం, రాత్రి 9:40

ముందు రెండు అంకెలు చెప్పండి అన్నా. అచ్చు ఎంత వేడి కావాలి? సరేసు ఎంత?

అట్టపని | ఆదివారం, రాత్రి 9:58

ఫాయిల్‌కు 110 నుంచి 120 డిగ్రీలు. ఫాయిల్ రకాన్ని బట్టి అటూ ఇటూ. సరేసు ఎంత ఉండాలో కొలవలేదు, పల్చగా జారితే చాలని చూస్తాను.

చెక్కపొట్టు | ఆదివారం, రాత్రి 10:05

ఓటీజీ కొనేయండి బాస్. కేకులు చేసే చిన్న కరెంటు ఓవెన్ అది, సెకండ్ హ్యాండ్‌లో రెండు వేలకు వస్తుంది. ఇంత చర్చ ఎందుకు?

తెనాలి ఫిట్టర్ | ఆదివారం, రాత్రి 10:31

> ఓటీజీ కొనేయండి బాస్

ఓటీజీలో అచ్చు పెడితే పిడి కూడా లోపలే ఉడుకుతుంది. చెక్క ఎండిపోయి, బిగింపు వదులై, ఇత్తడి తల ఊడుతుంది. పైగా 120 డిగ్రీల పిడిని ఎలా పట్టుకుంటారు? ఒక్కో అక్షరానికి ఒకసారి తలుపు తీయాలి, తీసిన ప్రతిసారీ లోపలి వేడిగాలి బయటికి పోతుంది. బిస్కట్లకు పనికొస్తుంది, దీనికి రాదు.

అసలు అట్టపని అన్న డిజైన్‌లోనే చిక్కు ఉంది. ఒకే పెట్టెలో ఒకే గాలి. అచ్చుకు 115 కావాలి, సరేసు 70 దాటకూడదు. థర్మోస్టాట్ ఎవరి మాట వినాలి?

లెస్టర్ లక్ష్మి | సోమవారం, తెల్లవారుజాము 3:20

ఇక్కడ ఇంకా రాత్రే, అందుకే ఈ టైముకు రాస్తున్నాను. నేను ఇంగ్లండ్‌లో హాబీగా బైండింగు నేర్చుకున్నాను. ఇక్కడ ఈ పనికి తలుపున్న ఓవెన్ వాడరు. ఫినిషింగ్ స్టవ్ అని గుండ్రటి పళ్లెం లాంటిది ఉంటుంది. నడుమ వేడి పలక, దాని చుట్టూ కాస్త ఎడంగా గాట్లు పెట్టిన రింగు. అచ్చు తల పలక మీద, మెడ గాటులో, పిడి బయట చల్లగా. ఒకప్పుడు బొగ్గుతో, తర్వాత గ్యాసుతో నడిచేవి. ఇప్పుడు కరెంటువి.

ఇంకో మాట. పలక ఎంత వేడిగా ఉందన్నది సగం సంగతే. అచ్చును పలక మీద నుంచి తీశాక తడి దూది మెత్త మీద ఒక్కసారి ఆనిస్తాం. గట్టిగా చురచురలాడి బుడగలు ఎగిరితే ఎక్కువ వేడి, సన్నగా ఒక్క 'సుయ్' మంటే సరి. ఏమీ వినిపించకపోతే మళ్లీ పలక మీదికే. కొత్తవాళ్లకు మొదట నేర్పేది ఇదే.

తోలు ఏ రకమో చెప్పగలరా అట్టపని గారూ? క్రోమ్ పదును పెట్టిన చెప్పుల తోలు మీద మీరు ఎంత వేడి పెట్టినా అచ్చు నిలవదు.

అట్టపని | సోమవారం, ఉదయం 7:45

మేక తోలండీ. చెన్నై నుంచి తెప్పిస్తాను. చెట్ల బెరడుతో పదును పెట్టిన ఈస్ట్ ఇండియా రకం.

పిడి బయట ఉండాలన్న మాట బాగుంది. అయితే తలుపు వద్దు. మరి సరేసు?

వేడిలెక్క | సోమవారం, ఉదయం 11:10

రిటైరైన ఇంజినీరును, కాలక్షేపానికి లెక్కలు వేస్తాను. తోలు మాట వచ్చింది కాబట్టి: ఆ ఈస్ట్ ఇండియా తోలుకు ఒకప్పుడు మన తంగేడు చెక్కే ప్రధానం. బతుకమ్మలో పేర్చే ఆ పసుపు పూల చెట్టు బెరడే. సరే, విషయానికి వస్తాను.

మీరు వేడి చేయాల్సింది గాలిని కాదు, లోహాన్ని. గాలి ద్వారా ఇత్తడికి వేడి ఎక్కడం చాలా నిదానం. లోహం లోహాన్ని తాకితే నిమిషాల్లో ఎక్కుతుంది. కాబట్టి దళసరి అల్యూమినియం దిమ్మె తీసుకోండి. 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 25 మందం. బరువు సుమారు 1.35 కిలోలు వస్తుంది.

ఈ దిమ్మెను ఒక్క డిగ్రీ పెంచడానికి 1.2 కిలోజౌళ్లు. 30 నుంచి 120కి తీసుకెళ్లడానికి దాదాపు 110 కిలోజౌళ్లు. 200 వాట్ల హీటరు పెడితే కాగితం మీద 9 నిమిషాలు. చుట్టూ పోయే వేడి కూడా కలుపుకుని పావుగంట అనుకోండి. షాపు తెరిచి ఊడ్చుకునేలోపు రెడీ.

ఇప్పుడు అసలు లాభం. 120 గ్రాముల ఇత్తడి తలను 30 నుంచి 115కి తేవడానికి దాదాపు 4 కిలోజౌళ్లు చాలు. అంటే చల్లటి అచ్చు ఒకటి పెడితే దిమ్మె 3 డిగ్రీలే తగ్గుతుంది. పెనంలో మీకు వచ్చిన తేడాకు కారణం ఇదే. పెనం పల్చన, కాయిల్ పైన ఉన్నచోట ఒక వేడి, లేనిచోట ఒక వేడి, అచ్చు పెట్టగానే ఆ చోటు చల్లబడుతుంది. ఒకేసారి అరడజను అచ్చులు పెట్టకండి, దిమ్మె 20 డిగ్రీల దాకా పడిపోతుంది. వంతుల వారీగా పెట్టుకోండి.

వేడయ్యాక నిలబెట్టడానికి 200 వాట్లూ అక్కర్లేదు. పైన తెరిచి ఉన్న పలక నుంచి 20 వాట్ల దాకా పోతుంది, మిగతా వైపులా రాక్‌వూల్ (వేడి ఆపే రాతి పీచు) చుడితే మొత్తం 40 దాటదు.

ఇస్త్రీబండి | సోమవారం, మధ్యాహ్నం 1:02

పాత ఇస్త్రీపెట్టెను తిరగేసి బిగిస్తే సరిపోదా? పలక ఉంది, హీటరు ఉంది, థర్మోస్టాట్ ఉంది. స్క్రాపులో 150 రూపాయలు.

తెనాలి ఫిట్టర్ | సోమవారం, మధ్యాహ్నం 1:25

పని జరుగుతుంది, నేనూ ప్లాస్టిక్ షీటు వంచడానికి అలాగే వాడతాను. కానీ దాని థర్మోస్టాట్ రెండు లోహాల పట్టీ. ఒకసారి ఆగితే 20 డిగ్రీలు పడ్డాకే మళ్లీ వెలుగుతుంది. బట్టలకు పర్వాలేదు. ఫాయిల్‌కు 110కీ 130కీ మధ్య ఊగితే అన్న ఇప్పుడు పడుతున్న బాధే మళ్లీ పడతాడు. థర్మోస్టాట్ తీసేసి బయటి కంట్రోలరు పెట్టి, పలక మీద అల్యూమినియం దిమ్మె బోల్టు చేస్తే ఇస్త్రీపెట్టె కూడా మంచి హీటరే. 750 వాట్లు కాబట్టి మరీ తొందరగా వేడెక్కి గీత దాటుతుంది, అదొక్కటి చూసుకోవాలి.

వీణచెక్క (బొబ్బిలి దగ్గర) | సోమవారం, సాయంత్రం 6:50

అన్నలూ, నాకూ ఇదే కావాలి. మాది వీణల పని. పనస మానుతో వీణ తొలిచాక చివర్లో మేళం కడతాం. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన నల్ల ముద్దను దండి మీద రెండు వైపులా గట్టులాగా పెట్టి, దాంట్లో 24 ఇత్తడి మెట్లు నిలబెట్టాలి. శ్రుతి చూసుకుంటూ ఒక్కో మెట్టును వెంట్రుకవాసి జరుపుతాం. అప్పుడు సన్న ఇనప బద్దను వేడి చేసి మైనాన్ని మెత్తబరచాలి. దీపం మంట మీద కాలిస్తే బద్దకు మసి పడుతుంది, మైనం పొగ వస్తుంది. బద్ద ఎంత వేడి ఉంటే మంచిదంటారు?

వేడిలెక్క | సోమవారం, రాత్రి 8:15

తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. బద్ద 90 నుంచి 100లో ఉంటే తాకినచోటే మెత్తబడుతుంది, పొగ రాదు. మీకు సన్న పనిముట్లే కాబట్టి దిమ్మె పైన పెట్టే బదులు పక్క నుంచి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు తొలిచి, బద్దలను వాటిలో దూర్చండి. అన్ని వైపుల నుంచీ వేడి అందుతుంది. మైనం డబ్బాను మాత్రం ఎప్పుడూ నేరుగా పలక మీద పెట్టకండి, నీళ్లలోనే.

సరేసు సుబ్బులు | సోమవారం, రాత్రి 9:30

సరేసు గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తాను. పాత ఫర్నిచరు రిపేరు మా పని. ఫెవికాల్ వచ్చాక ఊళ్లో సరేసు పట్టినవాడు లేడు, నేను ఇంకా వదల్లేదు. ఎందుకంటే తడి, వేడి తగిలితే ఊడుతుంది. రిపేరు చేసేవాడికి అదే వరం.

60 నుంచి 65 డిగ్రీలు, అంతే. అది తోలు, ఎముకల నుంచి తీసిన ప్రోటీను. 70 దాటించి గంటలకొద్దీ ఉంచితే ఆ పొడుగు పోగులు తెగి పట్టు తగ్గుతుంది. నీళ్లు మరిగిపోయేదాకా వదిలేస్తే పల్చగా జారుతుంది కానీ అతకదు. కాబట్టి అట్టపని గారూ, జారడం చూసి మోసపోకండి.

గుళికలను ముందు చన్నీళ్లలో నానబెట్టాలి. గుళికల బరువుకు ఒకటిన్నర నుంచి రెండింతల నీళ్లు. అవి నీళ్లు పీల్చి ఉబ్బాకే వేడి. నానబెట్టకుండా వేడినీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. కరిగాక బ్రష్షు ఎత్తితే తెగకుండా సన్నటి ధారగా పడాలి. చినుకుల్లా పడితే నీళ్లెక్కువ, ముద్దగా జారితే నీళ్లు ఆవిరయ్యాయి, కాసిన్ని వేడినీళ్లు కలపండి. పని అయ్యాక మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఎండలకు బయట ఉంచితే రెండో రోజుకే వాసన. ఇంట్లో ఫ్రిజ్ అయితే మూత గట్టిగా బిగించండి, లేకపోతే ఇంట్లోవాళ్లు మిమ్మల్ని కూడా బయట పెడతారు.

ఇక గిన్నె. దీనికి డిజైన్ ఏమీ అక్కర్లేదు. ఈలవేసే పాలకుక్కర్ తీసుకోండి. రెండు గోడల మధ్య నీళ్లు పోసే ఏర్పాటు దానికి ఉండనే ఉంది. లోపల సరేసును స్టీలు గ్లాసులో పెట్టండి. ఇనప డబ్బా వద్దు. తుప్పు సరేసులో కలిస్తే టేకు, తోలు లాంటి వాటి మీద నల్ల మరక పడుతుంది. ఈల వినపడేదాకా మాత్రం రానివ్వకండి, ఈల అంటే నీళ్లు మరిగినట్టు.

నాటుకోడి ఫారం | సోమవారం, రాత్రి 10:04

65 డిగ్రీలు నిలబెట్టడానికి మా ఇంక్యుబేటరు కంట్రోలరే సరిపోతుంది. డబ్ల్యూ1209 అని చిన్న బోర్డు, రెండొందల లోపే. 12 వోల్టుల అడాప్టరుతో నడుస్తుంది. తీగ చివర సెన్సరు ఉంటుంది, అది నీళ్లలో వేలాడదీయండి. గుడ్లకు నేను 37.5 పెడతాను, మీరు 63 పెట్టుకోండి. అచ్చుల వైపు మాత్రం పనికిరాదు, అది 110 డిగ్రీల దాకే.

అట్టపని | మంగళవారం, ఉదయం 8:20

అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడు నాకు అర్థమైంది ఇది: తలుపు పెట్టె వద్దు. ఒకే చట్రం మీద రెండు వేర్వేరు భాగాలు. ఎడమ వైపు అల్యూమినియం దిమ్మె, దానికి ఒక కంట్రోలరు. కుడి వైపు పాలకుక్కర్, దానికి ఇంకో కంట్రోలరు. మధ్యలో రెండంగుళాల ఖాళీ. దిమ్మెకు ఏ కంట్రోలరు తీసుకోవాలి?

కరెంటు బాబాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

అబ్బాయ్, దిమ్మెకు రెక్స్ సి100 పీఐడీ కంట్రోలరు (వేడిని పెద్దగా ఊగకుండా నిలబెట్టేది) తీసుకో. దాంట్లో రిలే అవుట్‌పుట్, ఎస్ఎస్ఆర్ అవుట్‌పుట్ అని రెండు రకాలు వస్తాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఎస్ఎస్ఆర్ (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్చు) నడిపే రకమే అడుగు. వేడి కొలవడానికి కె టైపు థర్మోకపుల్ తీగ పెట్టు. తీగలు తిరగేసి బిగిస్తే వేడెక్కుతుంటే అంకె తగ్గుతూ కనిపిస్తుంది, అప్పుడు కంట్రోలరు ఇంకా ఇంకా కాలుస్తూనే ఉంటుంది. అందుకే మొదటిసారి పక్కనే నిలబడి చూడు.

ఇప్పుడు నేను చెప్పేది కాస్త శ్రద్ధగా విను. ఎస్ఎస్ఆర్ పాడైనప్పుడు చాలాసార్లు ఆన్‌లోనే ఉండిపోతుంది. కంట్రోలరు ఆపమన్నా ఆగదు. కాబట్టి హీటరు లైనులో థర్మల్ ఫ్యూజు (వేడి హద్దు దాటితే తెగేది) తప్పనిసరి, దిమ్మెకు ఆనించి బిగించు. 184 డిగ్రీలది పెట్టు. 152ది పెడితే నువ్వు రోజూ నడిపే 120కి అది మరీ దగ్గర, కొన్నాళ్లకు ఊరికే పోతుంది. దాన్ని టంకం పెట్టొద్దు, ఆ వేడికే పోతుంది. క్రింప్ చేయి, అంటే చిన్న గొట్టంలో దూర్చి నొక్కి బిగించు.

దిమ్మె దగ్గరికి మామూలు ఇంటి వైరు తీసుకెళ్లకు. ఆ పీవీసీ తొడుగు 70 డిగ్రీలకే తయారైంది. ఫైబర్‌గ్లాస్ స్లీవు ఉన్న వైరు ఎలక్ట్రికల్ షాపులో గీజరు, ఐరన్ బాక్సు రిపేరు సామాన్లలో దొరుకుతుంది. దిమ్మె, చట్రం, కుక్కర్ మూడింటికీ ఎర్త్ వేయి. నీళ్లు పక్కనే ఉన్నాయి కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్చు) లేకుండా ఆన్ చేయకు. మీ షాపులో మూడో పిన్ను నిజంగా భూమిలోకి వెళ్తోందో లేదో కూడా ఒకసారి చూపించుకో. చాలా షాపుల్లో అది అలంకారమే.

ఇన్సులేషన్‌కు ఆస్‌బెస్టాస్ షీటు ముక్కలు వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. నువ్వు ముట్టుకోకు. నీ 120 డిగ్రీలకు రాక్‌వూల్ చాలు, సిరామిక్ బ్లాంకెట్ కూడా దండగ. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, పొడుగు చేతుల చొక్కా.

చెక్కపొట్టు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

మా తాత బొగ్గుల కుంపటి మీద చేసేవాడు బాబాయ్, ఏ ఆర్‌సీసీబీ లేదు. కరెంటు పోతే ఏం చేస్తారు ఇప్పుడు?

వేడిలెక్క | మంగళవారం, మధ్యాహ్నం 2:00

కుంపటికి ఆర్‌సీసీబీ అక్కర్లేదు, నిజమే. తలుపులు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఉచితం.

కరెంటు పోతే ఇంటి ఇన్వర్టరే లాగుతుంది. వేడయ్యాక దిమ్మెకు సగటున 40 వాట్లు, కుక్కర్‌కు ఇంకో 30 నుంచి 40. ఒక మామూలు ఫ్యాను తిరిగినంత.

మోడరేటర్ | మంగళవారం, మధ్యాహ్నం 3:30

ఒక అమ్మకాల ప్రకటన తీసేశాను. సామాను అమ్మేవాళ్లకు వేరే విభాగం ఉంది.

సీసపు అక్షరం | మంగళవారం, రాత్రి 8:48

కాస్త పక్కదారి, అట్టపని గారికి పనికొస్తుందని రాస్తున్నాను. హోల్డరులో పేర్చే అక్షరాలు ఇత్తడివా, ప్రెస్సువా? తెలుగుకు ఇత్తడి సెట్టు చేయించాలంటే ఖర్చు తడిసి మోపెడు. అక్షరాలు, గుణింతాలు, వొత్తులు వేరువేరుగా చెక్కించాలి. మూతపడ్డ ప్రెస్సుల నుంచి సీసపు అక్షరాలు కిలోల లెక్కన వస్తున్నాయి, అందుకే చాలామంది వాటినే పెడుతున్నారు.

సీసపు అక్షరం 240 డిగ్రీల దగ్గర మెత్తబడి కరగడం మొదలవుతుంది. కాబట్టి 115 దగ్గర ఏమీ కాదు. కానీ పెనం, కాయిల్ మీద ఏ మూలైనా 250 దాటవచ్చు, అక్కడ పెట్టిన 'ష' ముద్దగా మారుతుంది. దిమ్మె మీద ఆ భయం లేదు. వేడి మీద సీసం ఇంకా మెత్తన, గట్టిగా నొక్కితే వొత్తుల సన్న గీతలు అణిగిపోతాయి. నొక్కడం తగ్గించి రెండు సెకన్లు ఎక్కువ ఆనించండి. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా టీ తాగకండి.

అట్టపని | మంగళవారం, రాత్రి 9:20

మీరన్నట్టే ఇంగ్లిషు ఇత్తడి, తెలుగు సీసం. సీసం వాటిని వేరుగా 105 దగ్గర వాడదామనుకుంటున్నాను.

లెస్టర్ లక్ష్మి | బుధవారం, తెల్లవారుజాము 2:50

హోల్డరుకు కూడా చోటు వదలండి, అచ్చుల కంటే వెడల్పు. ఫాయిల్ లేకుండా ఉత్త అచ్చు వేసేటప్పుడు తోలు తడిపితే వేడి బాగా తగ్గించండి, 70 దగ్గర చాలు. తడి తోలు మీద 80 దాటితే నల్లబడి గట్టిగా అయిపోతుంది. పొడి తోలు మీద వేసేటప్పటి లెక్క వేరు.

అట్టపని | తర్వాతి ఆదివారం, సాయంత్రం 5:35

తయారైంది. ఫొటోలు మొబైల్ నుంచి ఎక్కడం లేదు, మాటల్లో చెప్తాను.

దిమ్మె వేడిలెక్క గారు చెప్పిన కొలతే, స్క్రాపు షాపులో కిలోల లెక్కన కొన్నాను. 10 మిల్లీమీటర్ల కాట్రిడ్జ్ హీటర్లు (రంధ్రంలో దూర్చే కడ్డీ లాంటివి) రెండు, ఒక్కోటి 100 వాట్లు. దిమ్మెకు అడుగున, పక్కలా రాక్‌వూల్, దాని మీద జీఐ రేకు. ముందు వైపు మూడంగుళాల ఎడంగా ఇనప పట్టీ నిలబెట్టి, పైఅంచుకు ఆకురాయితో గాట్లు పెట్టాను. పిడి పట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు. వెనక వైపు, వీణచెక్క తమ్ముడికి వేడిలెక్క గారు చెప్పినట్టే నాలుగు రంధ్రాలు, సన్న గీతల అచ్చులకు.

కుక్కర్ కింద 100 వాట్ల చిన్న ప్లేటు హీటరు. 63 పెడితే 62కీ 65కీ మధ్య తిరుగుతోంది. గ్లాసులో సరేసు నీళ్ల కంటే రెండు డిగ్రీలు తక్కువే ఉంటోంది. మొత్తం ఖర్చు నా బడ్జెట్ కంటే కొంచెం ఎక్కువే, ఆర్‌సీసీబీ వల్ల.

ఒక్క ఇబ్బంది. దిమ్మె మధ్యలో 118 ఉంటే రెండు చివర్లా 111. హీటర్లు రెండూ చివరి నుంచి 70 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. ఇంకేమైనా చేయాలా?

వేడిలెక్క | ఆదివారం, సాయంత్రం 6:20

అదే కారణం. హీటర్ల మధ్య దూరం 60 మిల్లీమీటర్లే, వేడంతా నడుమే పోగవుతోంది. చివర్లు గాలికి ఎక్కువ చల్లబడతాయి, కాబట్టి హీటర్లను చివరి నుంచి 40 దగ్గరికి జరపండి. కొత్త రంధ్రాలను 10కి సరిగ్గా రీమర్ (రంధ్రాన్ని కొలతకు నునుపు చేసే పనిముట్టు) వేయించండి. వదులుగా ఉంటే వేడి దిమ్మెకు ఎక్కక హీటరే లోపల మాడిపోతుంది. పాత రంధ్రాలు అల్యూమినియం కడ్డీతో మూయించండి. ఖాళీగా వదిలేస్తే నడుమ వేడి ప్రయాణానికి అడ్డు.

థర్మోకపుల్ ఎక్కడ పెట్టారు?

అట్టపని | ఆదివారం, సాయంత్రం 6:41

ఎడమ హీటరు పక్కనే, పది మిల్లీమీటర్ల దూరంలో.

వేడిలెక్క | ఆదివారం, సాయంత్రం 7:05

దాన్ని కూడా మార్చండి. రెండు హీటర్లకూ మధ్యన, పై ఉపరితలానికి 6 మిల్లీమీటర్ల లోతులో, అచ్చులు ఆనే గీత కిందే పెట్టించండి. కంట్రోలరు చూసే చోటు, మీరు అచ్చు పెట్టే చోటు ఒకటే కావాలి. తర్వాత ఆటోట్యూన్ (కంట్రోలరు తన సెట్టింగులు తానే సర్దుకోవడం) మళ్లీ నడపండి, పాత సెట్టింగులు పనికిరావు.

వీణచెక్క | ఆదివారం, రాత్రి 8:30

నాకు సగం సైజు దిమ్మె చాలు కదా వేడిలెక్క గారూ? 100 పొడవు, 60 వెడల్పు, ఒకే హీటరు?

వేడిలెక్క | ఆదివారం, రాత్రి 8:52

చాలు. మందం 25 అలాగే ఉంచండి, లేకపోతే 8 మిల్లీమీటర్ల రంధ్రాలకూ హీటరుకూ మధ్య లోహం మిగలదు. హీటరు అడుగున నడుమ, బద్దల రంధ్రాలు పక్క నుంచి, వాటి మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు ఉండేలా గీసుకుని తొలిపించండి. 60 వాట్లు సరిపోతుంది.